స్కేలు చూడని కొలత

ఏడున్నరకి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్న కూతురు ఎనిమిదింబావు దాటినా బయటికి రాలేదు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే బాత్రూం. ఉన్న మనుషులు ఐదుగురు. పదకొండింటికల్లా ఆసుపత్రిలో స్కానింగు గది ముందు ఉండాలి.

తలుపుకి ఇవతల ఆమె తండ్రి, నీళ్ళ గొట్టాల మేస్త్రీ, నిలబడి ఉన్నాడు. ఆ ఇత్తడి గడియ ఆయన చేత్తో బిగించిందే. ఊళ్ళో ఎన్నో ఇళ్ళకి అల్లాటప్పా గడియలు బిగించినవాడు సొంతింటికి మాత్రం ఏనుగు తోసినా ఊడనిది ఏరి తెచ్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని చూసి మురిసిపోవాలో తల బాదుకోవాలో తోచడం లేదు.

ఆయన వెనక భుజాన తువ్వాలుతో అల్లుడు, ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు. అల్లుడి వెనక అతని తల్లి. ఆవిడ టైలరు. మెడలో టేపు పడుకునేటప్పుడు కూడా తీయదు. అందరికన్నా వెనక మేస్త్రీ భార్య, చేతిలో గరిటెతో.

"కొలతలు తీసినవాళ్ళే తలుపు కూడా తీయించాలి," అంది ఆవిడ గోడతో.

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ మొగుణ్ణి నేరుగా తిట్టింది తక్కువ. గోడని తిడుతుంది, గిన్నెల్ని తిడుతుంది, తెరవని కిటికీని తిడుతుంది. అవి నోరెత్తలేదు కాబట్టి సంసారం నిలబడింది.

ఇదంతా నిన్న సాయంత్రం మేస్త్రీ చేసిన ఘనకార్యం.

కూతురికి ఇరవై రెండో వారం. పదిరోజుల కిందట వీధి చివరి స్కానింగు సెంటరులో తీసిన బొమ్మ కింద ఒక వాక్యం రాసిచ్చారు. బిడ్డ మెదడులో నీటి గది వెడల్పు పదకొండు పాయింటు రెండు మిల్లీమీటర్లు ఉంది, పది లోపు ఉండాలి, పెద్ద డాక్టరుకి చూపించండి అని. ఇది ఏమీ కాకపోవచ్చు, ఏదైనా కావచ్చు అని నోటితో చెప్పి పంపారు. చదువుకున్నవాళ్ళకి ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో చెప్పడం వచ్చు. వినేవాళ్ళకి మాత్రం రెండోదే వినబడుతుంది.

ఆ రోజు నుంచీ ఇంట్లో మెదడు అన్న మాట ఎవరూ నోటితో అనలేదు. "ఆ విషయం" అన్నారు. ఎవరి మూలన వాళ్ళు ఫోను ముందు పెట్టుకుని ఆ విషయం గురించి చదవడం, ఎవరి అడుగుల చప్పుడైనా వినబడితే ఫోను ఒళ్ళో బోర్లించడం. కొత్తగా ప్రేమలో పడ్డ పిల్లల్లా తయారైంది ఐదుగురి వ్యవహారం.

మేస్త్రీ ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాడు. ఫోనులో అక్షరాలు ఆయనకి చీమలబారు, అందుకే వీడియోలు పెట్టుకుని వినేవాడు. అయితే నీళ్ళ సంగతి ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. మెదడులో గదులున్నాయట. ఆ గదుల్లో నీళ్ళు ఊరతాయట, ఒక సన్నటి దారిలో బయటికి పోతాయట. ఊరే చోటు ఉంది, పోయే దారి ఉంది. దారికి ఏదైనా అడ్డం పడితే గది ఉబ్బుతుంది. ఇందులో కొత్తేముంది? ఇరవై ఆరేళ్ళుగా ఆయన తింటున్న తిండి ఆ అడ్డాల మీద వచ్చిందే.

నీళ్ళ సంగతి తెలిసినవాడు కొలతల్లో మోసపోతాడా? నిన్న సాయంత్రం వంటింటి బల్ల మీద స్కానింగు బొమ్మ పరిచి, తన వెర్నియర్ తీశాడు. అది పని నేర్పిన గురువు చనిపోయేముందు చేతిలో పెట్టిన, వెంట్రుకవాసి కూడా కొలిచే ఉక్కు పనిముట్టు. ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఒకసారి భార్య దాంతో డబ్బా మూత ఊడదీస్తే మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఆవిడ ఇప్పటికీ తీపి గుర్తుగా చెప్పుకుంటుంది.

బొమ్మలో నల్లటి గదికి అటూ ఇటూ రెండు చిన్న కూడిక గుర్తులున్నాయి. వెర్నియర్ దవడల్ని ఆ రెంటి మధ్యా ఆనించి చూశాడు. నాలుగున్నర మిల్లీమీటర్లు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాలుగున్నర. మూడోసారి కూడా నాలుగున్నరే.

అంతే. పది ఎక్కడ, నాలుగున్నర ఎక్కడ? తెల్లకోటు వేసుకున్నవాడు చెయ్యి జారితే సగం ఊరికి నిద్ర ఉండదన్నాడు. కూతురు బల్ల దగ్గరికొచ్చి, నిజమేనా నాన్నా అని అడిగింది.

"ఇనుం అబద్ధం చెప్పదు తల్లీ," అన్నాడు.

పదిరోజుల తర్వాత ఆమె ఆ పూట కడుపునిండా తింది. తిని, కుర్చీలోనే నిద్రపోయింది. వియ్యపురాలి నోట్లో నువ్వుగింజ నానదు. ఏడుగురికి ఫోను చేసి నాలుగున్నర అని చెప్పింది. ఎనిమిదో మనిషికి నాలుగు అని చెప్పింది, అదీ సంతోషం కొద్దీ.

తెల్లారి అల్లుడు పళ్ళు తోముకుంటూ బల్ల మీది బొమ్మ చూశాడు. అతను జిరాక్సు షాపులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఏ కాగితం చూసినా ఇది ఎంత శాతానికి తగ్గించారు, ఎంతకి పెంచారు అన్నదే అతనికి ముందు కనబడుతుంది. బొమ్మ అంచున బారుగా చిన్న గీతలున్నాయి. ఒక్కో గీతకీ మధ్య దూరం ఒక సెంటీమీటరు అని పక్కనే రాసి ఉంది. కాగితం మీద ఆ దూరం నాలుగు మిల్లీమీటర్లే.

"ఇది తగ్గించిన బొమ్మ మామయ్యా," అన్నాడు నోటినిండా నురగతో. పాత పేపరు అంచున లెక్క వేశాడు. నాలుగున్నరని నాలుగుతో భాగించి పదితో గుణిస్తే పదకొండుంబావు. "చూశారా, డాక్టరు రాసింది కరెక్టే."

లెక్క కుదిరిన ఆనందంలో వెనక్కి తిరిగాడు. వెనక భార్య నిలబడి ఉంది.

ఆమె బొమ్మ తీసుకుంది. బాత్రూంలోకి వెళ్ళింది. గడియ పడింది.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది ఇందుకే. ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే. ప్లాను కాగితం మీద కొలవకు, ముందు మూల చూడు, స్కేలేమిటో చదువు అని. ఒక డిగ్రీ ఇంజనీరుకి పదిమంది ముందు ఈ పాఠం చెప్పి, ఆ కథని ఇంట్లో వందసార్లు చెప్పాడు. దీపం కింద చీకటి అంటే విన్నాడు గానీ, ఆ చీకట్లో తనే నిలబడతాడని అనుకోలేదు.

"అమ్మాయ్," అన్నాడు తలుపుతో. "టైం అవుతోంది."

లోపలి నుంచి టప్, టప్ అని నీటిబొట్టు చప్పుడు మాత్రం వస్తోంది.

వియ్యపురాలు ముందుకొచ్చి తనకి తోచిన ధైర్యం చెప్పింది. తన పిన్ని మనవడికి పుట్టినప్పుడు తల ఇంత ఉండేదనీ, ఇప్పుడు వాడు లెక్కల మాస్టరనీ అంటూ టేపు సాగదీసి ఇంత అంటే ఎంతో చూపించింది. తలుపు అవతలున్న మనిషికి టేపు కనబడదని కొడుకు గుర్తుచేశాడు. గుర్తుచేసినందుకు ఒక చూపు తిన్నాడు.

అల్లుడు తన వంతుగా, నేను చెప్పకుండా ఉండాల్సింది, తప్పు నాదే అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, కనీసం ఐదు నిమిషాలు బయటికొస్తే మళ్ళీ వెళ్ళి గడియ వేసుకోవచ్చు కదా అని అడిగాడు. మనిషి అవస్థ అలాంటిది.

మేస్త్రీకి ఒక ఆలోచన వచ్చింది. పెరట్లో మెయిన్ వాల్వు కట్టేస్తే లోపల నీళ్ళు ఆగిపోతాయి, ఎవరైనా ఎంతసేపని ఉంటారు? ఆ మాట పైకి అనకముందే భార్య గరిటె గాలిలోకి లేచింది. ముప్పై రెండేళ్ళలో ఆయన ముఖంలో ఏ ఆలోచన ఏ దారిన నడుస్తుందో ఆవిడకి తెలుసు.

అప్పుడు లోపలి నుంచి గొంతు వినబడింది.

"నాన్నా, ఈ కుళాయి ఎన్నాళ్ళ నుంచి కారుతోంది?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్ళో ఏముంది. కొన్నాళ్ళ నుంచి."

"నాలుగేళ్ళు," అంది భార్య గోడతో.

"నాలుగేళ్ళుగా ఈ కుళాయికి వాషరు వెయ్యలేదు నువ్వు," అంది కూతురు. గొంతులో కోపం లేదు. అదే భయం పుట్టించింది. "నా బిడ్డ తల మాత్రం కొలిచావు."

 అల్లుడు కాళ్ళు మార్చడం ఆపాడు.

"నాకు పదకొండు అంటే భయమే," అంది ఆమె. "పదిరోజులు దాంతో పడుకున్నాను, దాంతో లేచాను. అలవాటయిపోయేది. నిన్న సాయంత్రం నువ్వు దాన్ని తీసేశావు. పొద్దున మళ్ళీ తెచ్చి ఇచ్చారు. అసలుదానికన్నా ఇది ఎక్కువ బరువుంది నాన్నా."

తప్పయిందని చెప్పడం మేస్త్రీకి రాదు. ఆయన నాన్నకీ రాదు. అది వాళ్ళ వంశంలో బట్టతలలా వస్తోంది.  చొక్కా జేబులోంచి వెర్నియర్ తీశాడు. ఒకసారి అరచేత్తో తుడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళకి అడుగు పుచ్చిన ఆ తలుపు కింద నుంచి లోపలికి తోశాడు.

ఉక్కు నేల మీద జారిన చప్పుడయింది.

"నీ దగ్గర ఉంచు," అన్నాడు. "ఇక నేను కొలవను. నోరు కూడా ఎత్తను."

వియ్యపురాలు టేపు పట్టుకున్న చేతిని గుండె మీద పెట్టుకుంది. మేస్త్రీ భార్య ఈసారి గోడతో కూడా ఏమీ అనలేదు. డబ్బా మూత రోజులు ఆవిడకి గుర్తున్నాయి.

గడియ తెరుచుకుంది. కూతురు కళ్ళు ఉబ్బి, వెర్నియర్ పిడికిట్లో పట్టుకుని బయటికొచ్చింది. కుళాయి బాగుచేశాకే ఇది వెనక్కి ఇస్తానంది. అల్లుడు ఆమె భుజం పక్కనుంచి దూసుకుపోయాడు. కన్నీళ్ళు తుడవడానికి ఎవరూ పోటీ రాలేదు కాబట్టి వాళ్ళ నాన్నే తుడిచాడు, ఇంజనాయిలు మరకలున్న రుమాలుతో.

ఆసుపత్రి హాల్లో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు నేలకి బిగించి ఉన్నాయి. మనుషులు ఎత్తుకుపోతారని భయమో, భయంతో పారిపోతారని ముందుచూపో తెలియదు. ఐదుగురూ ఒక వరసంతా ఆక్రమించారు. లోపలికి ఒక్కరే రావాలని నర్సు చెప్పింది. అల్లుడు లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నాన్న వస్తాడు," అంది కూతురు.

అల్లుడు ఉన్నచోటే ఆగిపోయాడు. నేను కదా భర్తని అన్నాడు, ఆ సంగతి నర్సుకి కూడా తెలియాలన్నట్టు.

"పోయినసారి నువ్వే వచ్చావు. తెరవైపు ఒక్కసారి చూశావా? ఇంటికెళ్ళాక ఏం కనబడిందంటే, గదిలో టైల్సు బాగున్నాయన్నావు."

"నాకు కళ్ళు తిరిగాయి."

"తెలుసు. నిన్ను ఏమీ అనడం లేదు. నాన్నయితే చూస్తాడు. తప్పుగా చూసినా, చూస్తాడు." తండ్రి వైపు తిరిగింది. "నోరెత్తకూడదు. మాటిచ్చావు."

మేస్త్రీ తలూపాడు. అప్పుడే మొదలుపెట్టాడు మౌనం.

స్కానింగు గది చల్లగా, మసక వెలుతురుగా ఉంది. డాక్టరమ్మకి జలుబు. అయినా నోరు ఊరుకోదు. పొట్ట మీద జిగురు రాసి, చేతిలోని పరికరాన్ని తిప్పుతూ, రేడియోలో ఆట చెప్పేవాళ్ళలా కనబడింది కనబడినట్టు చెప్తూనే ఉంది. ఇదిగో గుండె, నాలుగు గదులూ ఉన్నాయి. ఇది వెన్ను, జిప్పులా ఉంది చూశారా. ఇది అరికాలు, మనల్ని తన్నుతోంది, తన్నాలి కూడా.

తర్వాత తల వచ్చింది. 

"వెనక ఈ డంబెల్ లాంటిది చిన్నమెదడు. ఇది బాగుంది. ముందు వైపు ఈ చిన్న పెట్టె కనబడుతోందా అమ్మా? ఇది ఉండాలి. ఇది లేకపోతే నేను ఇలా వాగుతూ కూర్చోను," అంది డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "ఇదీ మన నీటి గది. లోపల ఈ తెల్లటి ఆకు నీళ్ళు ఊరే చోటు. గది మామూలుగా ఉంటే ఆకు దాన్ని నిండుగా పట్టుకుని ఉంటుంది. గది వెడల్పయితే ఆకు వేలాడుతుంది."

రెండు కూడిక గుర్తులు వచ్చాయి. పదకొండు పాయింటు ఆరు.

కూతురి చేతిలో వెర్నియర్ ఉంది. దాని దవడల్ని టక్కున మూసింది.

మేస్త్రీ తెరనే చూస్తున్నాడు. ఆయనకి పెట్టె తెలియదు, ఆకు తెలియదు. ఒక్కటి మాత్రం కంట్లో నలుసులా పడింది. తలని రెండు సగాలుగా చీల్చే మధ్యగీత మధ్యలో లేదు. ఒక సగం పెద్దగా, ఒక సగం చిన్నగా ఉంది. ఆయన నోరు తెరిచాడు. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. మూడోసారి దగ్గేసరికి ఆయనకి కూడా జలుబేనా అని డాక్టరమ్మ అడిగింది.

"అడుగు నాన్నా," అంది కూతురు కళ్ళు మూసుకుని. "లేకపోతే పగిలిపోతావు."

"డాక్టరమ్మా," అన్నాడు మేస్త్రీ చేతులు కట్టుకుని. "గొట్టాన్ని తిన్నగా కోస్తే నోరు గుండ్రంగా వస్తుంది. ఏటవాలుగా కోస్తే గుడ్డులా సాగుతుంది. సాగిన నోటిని కొలిస్తే గొట్టం సైజు రాదు, ఎక్కువొస్తుంది. ఇది ఏటవాలుగా పడలేదా? మధ్యగీత మధ్యలో లేదు."

డాక్టరమ్మ చెయ్యి ఆపి ఆయన వైపు చూసింది. "ఏం చేస్తుంటారు పెద్దాయనా?"

"గొట్టాలమ్మా."

"నేనూ ఇప్పుడు అదే చెప్పబోతున్నాను," అంది. పెద్ద చదువులవాళ్ళు ఎప్పుడూ ఇప్పుడే చెప్పబోతుంటారు. "బిడ్డ తల వాల్చుకుని పడుకుంది. ఈ కొలత నేను రాయను. మొదటి స్కానులో కూడా ఇలాగే పడుకుందేమో, లేదేమో, ఆ బొమ్మ ఒక్కటీ చూసి నేను చెప్పలేను. అరగంట నడిచి రండి. కదిలితే తిన్నగా దొరుకుతుంది."

ఐదుగురూ ఆసుపత్రి వరండాలో ఊరేగింపులా నడిచారు. ముందు కూతురు, ఆమె నడుం పట్టుకుని అల్లుడు, వెనక మిగతావాళ్ళు. జరిగింది మేస్త్రీ చెప్పలేదు. మౌనం మళ్ళీ మొదలైంది కదా. కూతురే చెప్పింది.

వినగానే వియ్యపురాలు ఇందులో వింతేముందంది. గుడ్డని ఏటవాలుగా పట్టుకుని కొలిస్తే సాగుతుంది, సాగిన కొలతతో కత్తిరిస్తే గౌను గోనెసంచి అవుతుంది, ఈ మాత్రం నన్ను అడిగితే పదిరోజుల కిందటే చెప్పేదాన్నంది. అల్లుడు కూడా తక్కువ తినలేదు. మెషిన్లో కాగితం వంకరగా పెడితే అచ్చు ఎలా వస్తుందో చెప్పాడు. నిమిషంలో వరండాలో ముగ్గురు స్కానింగు డాక్టర్లు తయారయ్యారు.

"ఒక్క మనిషి అయినా నాకు తెలియదు అనండి," అంది మేస్త్రీ భార్య. ఈసారి నేరుగా మనుషులతోనే. "వినాలనుంది."

నాలుగో తిరుగుడులో కూతురికి ఆయాసం వచ్చి బల్ల మీద కూర్చుంది. పక్కన కూర్చున్న వియ్యపురాలు సంచిలోంచి సగం కుట్టిన పసుపురంగు టోపీ తీసి సూదిలో దారం ఎక్కించింది. ఆటబొమ్మ పెట్టుకునేంత టోపీ. కూతురు దాన్ని అందుకుని లోపలి వైపు తిప్పి చూసింది. అంచు చుట్టూ గుడ్డ మడతలు మడతలుగా లోపలికి పెట్టి ఉంది.

"లోపల ఇంత గుడ్డ వదిలారేంటి అత్తయ్యా?"

వియ్యపురాలు ఆమె ముఖంలోకి చూడలేదు. సూది కళ్ళ దగ్గరికి తెచ్చుకుని దారం చూసుకుంది.

"తల ఎంతైనా పట్టాలి కదమ్మా," అంది. "చిన్నదైతే ఇలాగే ఉంటుంది. పెద్దదైతే విప్పుకుంటాం. టోపీ మాత్రం ఇదే."

పదిరోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఆడని మాట అది. ఆడింది నోట్లో నువ్వుగింజ నానని మనిషి. మేస్త్రీ వరండా చివర నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళి, అది బాగానే ఉన్నా, చాలాసేపు దాన్ని తిప్పి చూశాడు.

రెండోసారి లోపలికి వెళ్ళేసరికి తల తిన్నగా దొరికింది. మధ్యగీత తాడు కట్టి గీసినట్టు మధ్యలో ఉంది. డాక్టరమ్మ ఒకసారి కొలిచింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కూడా కొలిచి, కూతురి వైపు తిరిగింది.

"తొమ్మిది పాయింటు నాలుగు. పది లోపే."

కూతురు నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది, ఏడుపు మధ్యలో ఎక్కిళ్ళు వచ్చాయి. పొట్టంతా కదిలిపోయింది. మేస్త్రీ మనసు అప్పటికే తలుపు తోసుకుని హాల్లోకి పోయి, నర్సుకీ వాచ్‌మన్‌కీ తొమ్మిది పాయింటు నాలుగు అని చెప్పేసి, ఇంటికెళ్ళే బస్సు కూడా ఎక్కేసింది. ఒళ్ళు మాత్రం కదలకుండా నిలబడింది. ఇచ్చిన మాట అలాంటిది.

"అంత కుదిపారుగా, లోపల నిద్రలేచి అటు తిరిగిపోయింది," అంది డాక్టరమ్మ. "మంచిదే అయింది. మెషిన్‌కి దగ్గరగా ఉన్న వైపు ఎముక నీడలో సరిగా కనబడదు. అందుకే మీ పాత రిపోర్టులో కూడా ఒక వైపే రాశారు. రెండో వైపు గది ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు అది మనకి అవతలికి వచ్చింది. అదీ చూసేస్తే ఇంటికెళ్ళిపోవచ్చు."

చేతిని పక్కకి జరిపింది. కుర్చీ ముందుకు లాక్కుంది. బొమ్మని పెద్దది చేసింది.

ఇది చిన్నమెదడు అనలేదు. ఇది ఆకు అనలేదు. ముక్కు కూడా తుడుచుకోలేదు. గదిలో యంత్రం గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది.

మేస్త్రీ మెడ సాచాడు. తెర మీద నల్లటి చోటు కనబడుతోంది. పెద్దగానే కనబడుతోంది. కానీ ఆవిడ బొమ్మని పెంచింది. ఎంతకి పెంచింది? ముందు మూల చూడు, స్కేలేమిటో చదువు. ఆయన అంచున ఉండే గీతల కోసం వెతికాడు. వాటికి అడ్డంగా, ముందుకు వంగిన డాక్టరమ్మ భుజం ఉంది.

"నాన్నా," అంది కూతురు. డాక్టరమ్మ అలా వంగాక, పడుకున్న చోటి నుంచి ఆమెకి తెర అసలు కనబడటం లేదు. వెర్నియర్ పట్టుకున్న చెయ్యి ఆయన వైపు కొంచెం జరిగింది. "నువ్వు చెప్పు. ఎంత?"

నాలుగున్నర అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న అదే కదా ఆమెకి అన్నం తినిపించింది. నిద్రపుచ్చింది.

ఆయన ఆ చేతిని, ఆ ఇనుంతో సహా, తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నాకు తెలియదు తల్లీ," అన్నాడు. "గీతలు కనబడటం లేదు. డాక్టరమ్మ భుజం అడ్డంగా ఉంది."

ఇద్దరూ ఆ భుజం వైపే చూస్తూ ఉండిపోయారు. భుజం కదలలేదు.